నోటు ధరకు కాదు, రంగుకు

మిర్చి బజ్జీల బండివాళ్లతో ఈ మధ్య నాకు సరిపడటం లేదు. మా మలుపులో ఒకాయన ఉన్నాడు. నాలుగు బజ్జీలు పొట్లం కట్టించుకుని వంద నోటు ఇస్తే, దాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని, వేరేవాళ్ల పెళ్లిపత్రిక పొరపాటున తన చేతికొచ్చినట్టు చూసి, మళ్లీ నాకే ఇచ్చాడు. "స్కాన్ చెయ్యి అన్నా, చిల్లర యాడికెళ్లి తేవాలె?" అన్నాడు. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు. పొట్లం విప్పుకుని బజ్జీలు మళ్లీ పళ్లెంలోకి వెళ్లిపోయాయి. చూస్తూ నిలబడటం కొంచెం కష్టమైంది.

ఇంటికొచ్చి ఆ నోటును కిటికీ పక్కన బల్ల మీద పడేశాను. మధ్యాహ్నపు వెలుతురు దాని మీద పడింది. వంకాయ పువ్వు రంగు. చెల్లని నోటు కూడా చూడటానికి బాగానే ఉంటుంది. ఈ రంగును ఇలా పిలవాలని నాకు నేర్పిన మనిషి పోయి ఏడాది కావస్తోంది.

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా వాడకట్టంతా ఆమెను ఖాలా అనేది. ఖాలా అంటే పిన్ని. అసలు ఎవరికి పిన్నో మాకెవరికీ తెలియదు. మా ఇంటికి మూడు గుమ్మాల అవతల, గల్లీలోకి తెరుచుకునే ముందుగదిలో ఆమె పొయ్యి ఉండేది. దాని మీద పెద్ద సిల్వర్ గిన్నె, గిన్నెలో మరుగుతున్న రంగునీళ్లు, చేతిలో వెదురు కర్ర. దుపట్టాలు, జాకెట్ ముక్కలు, లైనింగు బట్టలు, ఏవి తెచ్చిచ్చినా చీరకు సరిపోయే రంగు వేసిచ్చేది. ఆమె వేలిగోళ్లు చూస్తే ఆ వారం గల్లీలో ఎవరింట్లో పెళ్లో చెప్పేయొచ్చు. ఎరుపైతే మావాళ్లు, లేత గులాబీ అయితే ఖాలావాళ్లు. రెండూ ఉంటే ఫంక్షన్ హాల్ దగ్గర బండి పెట్టుకోవడానికి చోటు దొరకదని అర్థం.

గిన్నెలోంచి బట్ట కొస ఒకటి కర్రతో పైకి తీసి, పిండి, గుమ్మంలోకి వచ్చి, వెలుతురుకు పట్టుకుని దాని మీద ఫూ అని ఊదేది. తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు కదా. ఊదిన చోట వేలెడంత మేర ఆరితే అదే అసలు రంగు. దాన్ని ఒక కన్ను మూసి చూసేది. నచ్చకపోతే మళ్లీ గిన్నెలోకి. నచ్చినా ఏమీ అనేది కాదు. పొయ్యి ఆర్పేది, అంతే.

చిన్నప్పటి నుంచి మా అమ్మ జాకెట్ ముక్కలు మోసే ఉద్యోగం నాది. నాకు తెలిసిన ఆకుపచ్చలు రెండే: ముదురు, లేత.

"పచ్చ అంటే ఏం పచ్చ బేటా? చిలకదా, పెసరుదా, కొత్తిమీరదా?"

"పచ్చ, ఖాలా."

"కామర్స్ చదివినవంట కదా నువ్వు."

కామర్స్‌కూ కొత్తిమీరకూ సంబంధం ఏమిటో చెప్పేది కాదు. నేను ఆ సంబంధం తెలియకుండానే పాసై, జూనియర్ కాలేజీలో అదే కామర్స్ చెప్పడం మొదలుపెట్టాను.

అమ్మ మాత్రం ఆమెతో ధర దగ్గర ఎప్పుడూ బేరం చేయలేదు, రంగు దగ్గర ఎప్పుడూ ఊరుకోలేదు. ముప్పై ఏళ్లు ఆ గుమ్మంలో ఇద్దరూ ఒకే దుపట్టాకు చెరో కొస పట్టుకుని వాదించుకున్నారు. దాన్ని స్నేహం అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కాలం గడిచేకొద్దీ గల్లీలో రంగుబట్టలు ఆరే దండేలు తగ్గాయి. పాత గిరాకీ అంతా ఊరి చివర కాలనీలకు వెళ్లిపోయింది. అక్కడి నుంచి ఒక్క దుపట్టా కోసం రెండు ఆటోలు మారి ఎవరొస్తారు? ఖాలా కొడుకు మంచివాడు, ముందుచూపు ఉన్నవాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే కన్నతల్లికి కొంచెం ఇబ్బందే. ముందుగదిని మొబైల్ కవర్ల దుకాణానికి కిరాయికిద్దామని, పొయ్యి తీసేద్దామని అన్నాడు. ఆ మాట ఖాలాయే మా గుమ్మంలో నిలబడి నాకు చెప్పింది.

"రంజాన్ దాకా ఆగమన్న. దానికి ముందు షాబాన్ నెల ఉంటది, పెళ్లిళ్ల నెల. అప్పటికి నా పొయ్యికి పని రాకుంటే నేనే తీసి అవతల పెడ్త. మొబైల్ వచ్చి నా గది తీసుకుంటదట! సరే, మంచిదే. ఆ మొబైలే నాకు గిరాకీ తెచ్చియ్యాలె." అంటూ కొంగు ముడి విప్పి అద్దం పగిలిన పాత స్మార్ట్‌ఫోన్ ఒకటి నా చేతిలో పెట్టింది. "దీన్ని నడిపియ్యి."

అలా నేను ఆమె దగ్గర చేరాను. పాత గిరాకీ నంబర్లన్నీ కలిపి ఒక గ్రూపు పెట్టాను. ఖాలా తన మాటలు రికార్డు చేసి పంపేది. సమస్య అవతలివాళ్ల దగ్గర వచ్చింది. వాళ్లు తెలుగును, ఉర్దూను కలిపి, ఇంగ్లిష్ అక్షరాల్లో, అచ్చులు మింగేసి రాసేవారు. ఉర్దూ మాత్రమే కూడబలుక్కుని చదివే ఖాలాకు అది అందేది కాదు. నాకూ అందేది కాదు గానీ నాకు డిగ్రీ ఉంది. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ ఆ గుమ్మంలో కూర్చుని, వచ్చిన మెసేజీలన్నీ పైకి చదివి వినిపించడం నా పని.

మొదటి గిరాకీ ఫలక్‌నుమా నుంచి. చీర ఫోటో ఫోన్‌లో, తెల్ల దుపట్టా ఎవరో బంధువు చేతిలో వచ్చాయి. ఖాలా ఫోన్ తెరను చూస్తూ రంగు వేసింది. మూడో రోజు ఆ ఇంటావిడ చీరా దుపట్టా రెండూ పట్టుకుని స్వయంగా దిగింది.

"ఇది చిలకపచ్చనా ఖాలా? ఇది కాకరకాయ! పెండ్లిల నన్ను కాకరకాయ అంటరు!"

గల్లీ అంతా లొల్లి. ఖాలా దుపట్టా తీసుకుంది, చీర పక్కన పెట్టుకుని గంటలో మళ్లీ రంగు వేసి ఇచ్చింది. ఆవిడ వెళ్లాక అదే ఫోటోను తన ఫోన్‌లో, నా ఫోన్‌లో, కొడుకు ఫోన్‌లో పక్కపక్కన పెట్టించి చూసింది. మూడు పచ్చలు.

"ఎవరి ఫోన్ వాళ్లకు నచ్చిన రంగు చూపిస్తదా ఏంది?"

రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఫోన్లన్నీ నేనే తయారుచేసినట్టు. మూడో రోజు ఉల్లిగడ్డలు కొనడానికి వెళ్లి, చిల్లరలో వచ్చిన కొత్త ఇరవై నోటును జెండాలా పట్టుకుని వచ్చింది.

"బేటా, హుస్సేనీ ఆలంల ఇరవై నోటు, నిజామాబాద్‌ల ఇరవై నోటు ఒకటే రంగు కదా?"

"ఒకటే, ఖాలా."

"ఢిల్లీల?"

"అక్కడా ఒకటే."

"మరి? సర్కారుకు రంగులేసే రంగ్రేజు తప్పు చెయ్యడు. ఇంక ఆయన రంగు పక్కన నా రంగు పెడ్త."

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. చీరకు దగ్గరి రంగు నోటు ఏదో చూసి, దాన్ని చీర మీద పెట్టి ఫోటో తీసి పంపాలి. ఖాలా అదే నోటు, కొత్తది, తన చేతిలో పెట్టుకుంటుంది. చీర నోటు కంటే ఎంత ముదురు, ఎంత లేత, ఎటు మొగ్గింది అని ఫోటోలో చూసుకుని, చేతిలోని నోటుకు అంతే తేడాలో బట్టకు రంగు వేస్తుంది. తర్వాత బట్ట మీద నోటు పెట్టి తనూ ఫోటో పంపుతుంది. అవతలివాళ్లు సరే అన్నాకే పార్సిల్. "ఫోన్ అబద్ధం చెప్తే చెప్పనీ. చెప్తే నోటుకు, బట్టకు కలిపి చెప్తది" అని ఆమె సిద్ధాంతం. నేను ఏటా చెప్పే పాఠ్యపుస్తకంలో ఇంత పనికొచ్చే వాక్యం ఒక్కటి లేదు.

పది నుంచి ఐదొందల దాకా ఒక్కొక్కటి కొత్త నోటు తెప్పించి ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. వాటిని ఖర్చుపెట్టడం హరామ్. ఎవరైనా నలిగిన నోటుతో ఫోటో పంపితే గొంతు పెరిగేది: "గిదేం నోటమ్మా? చేపల మార్కెట్‌ల పుట్టిందా? కడగకు. వేరేది పెట్టు."

ఒక్క చిక్కు మాత్రం మేం ఊహించలేదు. మొదటి ఫోటో గ్రూపులో పెట్టిన పది నిమిషాలకు ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను.

"ఖాలా, ఇరవైకే దుపట్టానా? నాకు ఆరు పెట్టు!"

"ఇరవై కాదమ్మా, ఎనభై."

"ఫోటోల ఇరవై పెట్టినవ్ కదా?"

"అది రంగు కొరకు."

"రంగుకు ఇరవై. మరి ఎనభై ఏంది, బట్టకా?"

"బట్ట నీదే కదమ్మా!"

"నా బట్టకు నేనెందుకు పైసలియ్యాలె?"

ఖాలా ఫోన్‌ను నా ఒళ్లో పడేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఇంతలో ఐదొందల నోటు పక్కన పెట్టిన బూడిద రంగు దుపట్టాను మూడు రోజులు ఎవరూ పలకరించలేదు. చివరికి ప్రతి పొద్దున గ్రూపులో ఆమె గొంతు వినిపించడం మొదలైంది: "అస్సలాం అలైకుం, నమస్తే. నోటు ధరకు కాదు, రంగుకు." ఆ మాట గల్లీ దాటింది. మా చుట్టాలమ్మాయి సంబంధానికి ఎవరో పెళ్లికొడుకు పెద్ద కారు పక్కన నిలబడి ఫోటో పంపితే, "కారు ధరకు కాదులే, రంగుకు" అని మా అమ్మ పక్కన పెట్టేసింది.

పని రాసాగింది. దండెం నిండింది. దాంతోపాటు నా ఉద్యోగం కూడా కొంచెం కొంచెంగా మారింది. మనుషులు ఎదురుగా అనలేనివి ఫోన్‌లో రాసేస్తారు. ఒకరోజు ఒకావిడ, ఖాలా పంపిన ఫోటో చూసి, "నేవీ బ్లూ అడిగితే బొగ్గు పంపినవేంది?" అని రాసింది. ఖాలా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వింటోంది. పొద్దుటి నుంచి పొయ్యి ముందు నిలబడి ఉంది.

"కొంచెం ముదురైందట, ఖాలా. అయినా బాగుందట."

"ముదురు నీలం మంచిదే. మాసింది కనపడదు" అంది సంతోషంగా.

'అయినా బాగుందట' నా సొంత రచన. దాన్నే సరే అనుకుని ఖాలా పార్సిల్ కట్టేసింది. మొదటిసారి కొంచెం సిగ్గేసింది. రెండోసారి తేలికైంది. ఆ తర్వాత నేను చదువుతున్నదీ, వాళ్లు రాసిందీ ఒకే ఫోన్‌లో ఉన్నాయన్నది తప్ప వాటికి పెద్ద పోలిక ఉండేది కాదు. ఫిర్యాదులన్నీ నీలాల మీదే, ఊదాల మీదే అని నేను గమనించకపోలేదు. గిరాకీదారుల అభిప్రాయం వ్యాపారానికి ఎంత ముఖ్యమో చెప్పే అధ్యాయం ఒకటి మా పుస్తకంలో ఉంది. ఏటా నేనే చెబుతాను.

షాబాన్ నెల సగం గడిచింది. గల్లీ వదిలి నిజామాబాద్ వెళ్లిన పాత కుటుంబం ఒకటి పెద్ద పని ఇచ్చింది. పెళ్లికూతురి అక్కచెల్లెళ్లందరికీ ఒకే రంగు దుపట్టాలు, పదకొండు. ఫోటోలో లంగా మీద వంద నోటు. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. వంకాయ పువ్వు రంగు. తెల్ల దుపట్టాలు బస్సు పార్సిల్‌లో వచ్చేశాయి. పెళ్లికి ఎనిమిది రోజులు.

"ఇది అయితే నా కొడుకు నోరు మూస్తడు" అంది ఖాలా. "పదకొండు ఒకటే గిన్నెల, ఒకటే పూట వెయ్యాలె. లేకుంటే పదకొండు రంగులైతయ్."

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి గల్లీకి అడ్డంగా పదకొండూ ఆరుతున్నాయి. ఆకుపచ్చలు రెండే తెలిసిన నాకే అవి బూడిదలా కనిపించాయి. పరిస్థితి అంతవరకూ వచ్చిందన్నమాట. ఖాలా ఒకదాన్ని గుమ్మం మెట్టు మీద పరిచి, కవర్లోంచి నోటు తీసి దాని మీద పెట్టింది. ఐదొందల నోటు.

"ఖాలా, నోటు..."

"కొత్తదే. మొన్ననే తెప్పించిన. తియ్యి ఫోటో."

తీశాను. పంపాను. ముప్పై ఏళ్లుగా రంగుల్లో బతికిన మనిషికి రంగు చెప్పడానికి నేనెవర్ని అనుకున్నాను. నాకు అనుకూలమైనప్పుడు నాలో చాలా వినయం ఉంటుంది.

అరగంటలో జవాబొచ్చింది. "ఇది బూడిద రంగు. మేం వంద నోటు పెడితే మీరు ఐదొందలది పెట్టిన్రు. పిల్ల ఏడుస్తున్నది. మాకు వద్దు."

"ఏమన్నరు?" అంది ఖాలా.

"కొంచెం తేడా ఉందట."

"కొంచెం అంటే ఎంత?"

ఈసారి నా రచన సాగలేదు. "నోటు వేరేది పెట్టినమట, ఖాలా. ఐదొందలది."

ఆమె కవర్లోని నోట్లన్నీ మెట్టు మీద పరిచింది. "నువ్వు చెప్పకు. వంద ఏదో నేనే తీస్త." అంకెలు ఆమెకు ఎప్పటి నుంచో మసకే, నోట్లను రంగును బట్టే గుర్తుపట్టేది. చెయ్యి రెండు నోట్ల మీద కాసేపు ఆగింది. ఒకటి తీసింది.

"ఇదేనా?"

"కాదు, ఖాలా."

రెండోది కూడా తీసింది. రెండు చేతుల్లో రెండు నోట్లు పట్టుకుని గుమ్మంలోకి, వెలుతురులోకి వెళ్లింది. అలవాటు కొద్దీ వాటి మీద ఫూ అని ఊదింది. ఒక కన్ను మూసి చూసింది. తర్వాత ఇంకో కన్ను మూసి చూసింది.

"రెండూ ఒకటే ఉన్నయ్" అంది.

గల్లీలో పదకొండు దుపట్టాలు గాలికి ఊగుతున్నాయి. ఇప్పుడు ఏడుస్తుందేమో, ఏం చెప్పాలి అని నేను లోపల వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఆమె నోట్లను కవర్లో సర్దింది. కొంగు నడుముకు చెక్కుకుంది.

"వాళ్లకు పెండ్లి ఇంకా వారం ఉంది కదా. మూడు రోజులల్ల మళ్లీ ఫోటో వస్తదని రాయి. తర్వాత మీ అమ్మను పిలువు."

అమ్మ వచ్చింది. సంగతి విని, వంద నోటు తీసుకుని గిన్నె పక్కన పీట వేసుకుని కూర్చుంది. పాత రంగు దింపడానికి ఒక రోజు, కొత్తది వేయడానికి ఒక రోజు పట్టింది. ఆ రెండు రోజులూ గల్లీలో రేడియో అవసరం లేకపోయింది.

"ఇంకింత నీలం పడాలె, ఆపా." అమ్మకు ఖాలా ఆపా, అంటే అక్క.

"ఇంకింత అంటే చిటికెడా, అర చిటికెడా?"

"నేనేమన్న కూర వండుతున్ననా, చిటికెలు చెప్పనీకి? నువ్వు వేస్తా పో, నేను ఆపుమంట."

"ముప్పై ఏండ్లు నా రంగుకు వంకలు పెట్టినవ్. ఇయ్యాల ఒక్కటన్న పెట్టకుంటే ఊకోను."

"ఆపు. ఆపు అంటున్న! ఎక్కువైంది."

"కాలే. తడిది గట్లనే ఉంటది. ఊది చూడు."

అమ్మ ఊదింది. ఆమెకు ఊదడం రాదు, సగం ఉమ్మి పడింది. ఖాలా కొస లాక్కుని తనే ఊది అమ్మ కళ్ల ముందు పట్టింది. అమ్మ ఒక కన్ను మూసి చూసి, పొయ్యి ఆర్పింది.

ఈసారి నోటు అమ్మే పెట్టింది. ఫోటో పంపితే నిజామాబాద్ నుంచి ఒక్క మాట వచ్చింది: "ఇదే." ఆ నెలలో నేను ఉన్నదున్నట్టు చదివిన మెసేజీ అదొక్కటే.

రంజాన్ వచ్చింది. కొడుకు ముందుగది మాట ఎత్తలేదు. మొబైల్ కవర్లవాళ్లు ఎదురు గల్లీలో వేరే గది చూసుకున్నారు. పండగ కాగానే ఖాలా తనంతట తానే కంటి ఆసుపత్రికి వెళ్లింది. రెండు కళ్లలోనూ మోతియా, అంటే శుక్లాలు. ముదిరిపోయాయన్నారు. వాటి గుండా చూస్తే నీలాలన్నీ చచ్చిపోయి కనిపిస్తాయట. ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేయించుకుంది. రెండో కట్టు విప్పాక నేను చూడటానికి వెళ్తే నన్ను కాదు, నా చొక్కాను పలకరించింది. "ఇది తెల్లదా! రెండేండ్ల సంది దీన్ని బాదామీ అనుకుంటున్న. నీకు తగిన రంగు కొన్నవని మీ అమ్మకు చెప్పిన కూడా."

ఆ తర్వాత ఒక శుక్రవారం మధ్యాహ్నం కబురు పెట్టింది. వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని ఫోన్‌లో పాత ఫోటోలు ఒక్కొక్కటే వేలితో జరుపుతోంది. నేవీ బ్లూ అనుకుని పంపిన నలుపు, ఊదా అనుకుని పంపిన బూడిద. వాటి పక్కన సర్కారు నోట్లు మాత్రం సరైన రంగులో ఉన్నాయి.

"ఇవన్నీ నేను పంపిన్నా?"

"హౌ, ఖాలా."

"ఎవ్వరు ఏమనలేదా?"

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"మొదటికెళ్లి చదువు" అంది. "రాసింది రాసినట్టు."

చదివాను. బొగ్గు దగ్గర మొదలుపెట్టి అన్నీ చదివాను. అయినా బాగుందట అన్నది ఎక్కడా లేదు. ఇక మీ దగ్గరికి రాము అన్నవాళ్లు ముగ్గురున్నారు. ఒకావిడ, "చెప్తే పట్టించుకోవు, పెద్దదానివని ఊకుంటున్న" అని రాసింది. ఖాలా మధ్యలో ఎక్కడా ఆపలేదు. అంతా అయ్యాక ఫోన్ తీసుకుని, ఒక్కొక్కరికి విడివిడిగా మాట్లాడి పంపింది. అందరికీ అదే మాట: "అమ్మా, తప్పు నాది. బట్ట పంపియ్యి, మళ్లీ వేసిస్త. పైసలొద్దు." ఆఖరివాళ్లకు పంపి, ఫోన్‌ను పక్కన పెట్టి, కొత్త కళ్లతో నన్ను తేరిపార చూసింది.

"నా కండ్లకు మోతియా వచ్చింది, బేటా. నీ నోటికి ఏమొచ్చింది?"